కొండ గుర్తు, బాట ఎరిగినవాడు

నగరి కొండల్లో ఒక శిఖరం మనిషి ముక్కు వలె ముందుకు పొడుచుకొని ఉంటుంది. ప్రజలు దానిని నగరి ముక్కు అంటారు. సముద్ర మట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉన్న ఈ రాతిమొన, పూర్వం మదరాసు వైపు వచ్చే ఓడలవారికి దారి గుర్తుగా ఉపయోగపడేది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి క్వార్ట్‌జైట్ శిలకు నగరి పేరే పెట్టారు.

సముద్రంలోనే కాదు, ఎడారిలోనూ బాటసారికి ఇటువంటి గుర్తులే ఆధారం. దివ్య ఖుర్ఆన్‌లోని అన్-నహ్ల్ సూరా నేలమీది గుర్తులను, ఆకాశంలోని నక్షత్రాలను ఒకేచోట ప్రస్తావిస్తుంది. అయితే ఒకే శిల ఒక వైపు నుండి ఒంటెలా, మరో వైపు నుండి గోడలా కనిపించవచ్చు. అందుకే అరబ్బులు బాట ఎరిగినవానికి, అనగా 'దలీల్'కు, అంత విలువ ఇచ్చారు.

క్రీ.శ. 622లో ప్రవక్త ముహమ్మద్ (స), హజ్రత్ అబూబక్ర్ (ర) మక్కా విడిచినప్పుడు దారి చూపినవాడు బనూ దీల్ తెగకు చెందిన అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్. అప్పటికతడు ముస్లిం కాడు. వారిని పట్టి ఇచ్చినవారికి ఖురైషులు నూరేసి ఒంటెల బహుమానం ప్రకటించారు. అయినా అతడు చెప్పిన మాట ప్రకారం మూడు రాత్రుల తరువాత ఒంటెలతో సౌర్ గుహకు వచ్చాడు. సముద్ర తీరపు బాటన మదీనాకు చేర్చాడు. అతనికి తెలిసిన బాట ఎంత గొప్పదో, అతని నమ్మకం అంతకన్నా గొప్పది.

ఈ విద్య నేటికీ కనిపించే చోట్లలో జోర్డాన్‌లోని వాదీ రమ్ ఒకటి. అక్కడి ఇసుకరాతి వంతెనలను, పుట్టగొడుగు వంటి బండలను గాలి ఒక్కటే చెక్కిందనడం సరికాదు. గాలి ఇసుకను ఎక్కువ ఎత్తుకు లేపలేదు. బండల అడుగుభాగాన్నే అది ఎక్కువగా ఒరుసుకుపోతుంది. తక్కిన పనిలో అధిక భాగం నీటిది, ఉప్పుది. ఆ శిలల మీద సుమారు 25,000 బొమ్మలు, 20,000 శాసనాలు ఉన్నవి. 2011లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సందర్శకులకు దారి చూపేవారిలో జలాబియా బదూలు ముఖ్యులు. ఒంటెలు, మేకల మందలతో బ్రతికిన ఆ కుటుంబాలలో చాలామందికి నేడు జీపు, గుడారపు విడిది జీవనాధారాలు. వారిని బండి తోలేవారిగా మాత్రమే చూడడం పొరపాటు. 1984 నుండి బ్రిటిష్ పర్వతారోహకులు అక్కడి శిఖరాలకు మార్గాలు వ్రాసుకోసాగారు. కొండమేకలను వేటాడిన బదూలు త్రాళ్ళు లేకుండానే అప్పటికే వాటిలో ఎన్నింటినో ఎక్కి ఉన్నారు. ఆ మార్గాలను ఆరోహకులు నేటికీ బదూ బాటలనే పిలుస్తారు.