జలపాతం మీద ఇల్లు, కాంక్రీటులో దాగిన ఇనుము

మొన్న ఆదివారం నాన్న ఫోన్ చేసి, "ఒరేయ్, కొత్తింటి ప్లానుకి వేపచెట్టు అడ్డొస్తోందంటున్నాడు మేస్త్రీ. కొట్టించెయ్యమంటావా?" అన్నారు. టక్కున ఏమీ చెప్పలేకపోయాను. ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు చూసిన ఓ ఇల్లు గుర్తొచ్చింది.

పిట్స్‌బర్గ్ వెళ్ళిన మనవాళ్ళు వెంకన్న గుడి చూడకుండా రారు. అక్కణ్ణించి గంటన్నర లోపు దూరంలో ఉన్న ఫాలింగ్‌వాటర్ చూసినవాళ్ళు మాత్రం నాకు తెలిసి తక్కువే.

1934లో ఆ ఊరి వ్యాపారి ఎడ్గార్ కౌఫ్‌మన్, బేర్ రన్ అనే వాగు దగ్గర వీకెండ్ ఇంటి కోసం ఫ్రాంక్ లాయిడ్ రైట్‌ని పిలిచాడు. ఇంట్లోంచి చూస్తే ఎదురుగా జలపాతం కనబడాలని కౌఫ్‌మన్ ఆశ. రైట్ ఏకంగా జలపాతం మీదే ఇల్లు పెట్టాడు! 1935 సెప్టెంబరులో, క్లయింటు కారులో బయల్దేరానని ఫోన్ చేశాక, ఆయన వచ్చేలోపు రెండు గంటల్లో డ్రాయింగులు గీసేశాడని శిష్యులు చెప్పేవారు. రిలీజ్ ముందు రాత్రి కోడ్ రాసే మనకి ఇదేం వింత కాదనుకోండి :-)

గోడల రాయి ఆ స్థలంలో తవ్వి తీసిందే. హాల్లోకి పొడుచుకొచ్చిన బండని పగలగొట్టకుండా చలిమంట పొయ్యికి అరుగులా ఉంచేశారు. దారి మీది దూలాన్ని చెట్టు చుట్టూ వంచారు. హాల్లోంచి మెట్లు నేరుగా వాగు నీళ్ళ దాకా దిగుతాయి.

ఇక్కడిదాకా అందరూ చెప్పేదే. నన్ను పట్టుకున్నది ఇనుము కథ. ఆ ఇంటి టెర్రస్‌లు మన బాల్కనీల్లా ఒక వైపే ఆధారంతో గాల్లోకి చాచుకుని ఉంటాయి. అలాంటి దూలం బరువుకి వంగితే పైభాగం సాగుతుంది. సాగుడికి కాంక్రీటు ఆగదు, లోపలి ఇనుమే కాయాలి. 1936లో కౌఫ్‌మన్ తరఫు ఇంజనీర్లు ఆ ఇనుము చాలదని, రైట్‌కి చెప్పకుండా ప్రధాన అంతస్తు దూలాల్లో రెట్టింపు వేయించారు. తెలిశాక రైట్ మండిపడ్డాడు.

1990లలో రాబర్ట్ సిల్మన్ సంస్థ లెక్కలు కట్టి చూస్తే ఆ రెట్టింపు కూడా చాలలేదని తేలింది. అప్పటికే టెర్రస్ చివర ఏడంగుళాల దాకా కుంగింది. 1997లో కింద ఉక్కు ఊతాలు పెట్టి, 2002లో లోపల కేబుళ్ళు బిగించి ఆపారు. 2019లో రైట్ కట్టిన మరో ఏడు భవనాలతో పాటు యునెస్కో జాబితాకెక్కింది. మొదటి డ్రాయింగుల ప్రకారమే కట్టుంటే అంతకాలం నిలిచేదా అన్నది అనుమానమే.

ప్రకృతిలో కలిసిపోవడమంటే మనకి చెట్టు, రాయి, నీళ్ళు గుర్తొస్తాయి. భూమ్యాకర్షణ కూడా ప్రకృతేగా! రైట్ బండకిచ్చిన గౌరవం బరువుకివ్వలేదు. దాని లెక్క చూసినవాళ్ళు తిట్లు తిన్నారు. వాళ్ళ పేర్లు మనకెవరికీ గుర్తులేవు, ఇల్లు మాత్రం ఉంది. కోడ్ రివ్యూలో "ఇది లోడ్‌కి ఆగదండీ" అని చెప్పి చెడ్డవాడనిపించుకున్న ప్రతివాడికీ ఈ కథ అంకితం.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. "చెట్టు ఉంచుదాం నాన్నా. ముందు వేర్లు ఎంత దూరం పాకాయో, పునాది ఎంత జరపాలో స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపిద్దాం. ఆయన వద్దంటే మాత్రం నేను పట్టుబట్టను" అన్నాను.

నాన్న కాసేపు ఆగి, "ఆ చెట్టు మీ తాత పెట్టిందిరా" అన్నారు.

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు.