మెట్ట మీద మామిడి

1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టడం పూర్తయింది. దాంతో ఆ చుట్టుపక్కల ప్రాంతం రెండుగా చీలింది, పటంలో కాదు, పొలంలో. దిగువన కాలువ తాకిన డెల్టాలో వరి విరగపండింది. ఎగువన నూజివీడు, విస్సన్నపేట, తిరువూరు మెట్టల్లో రైతు మబ్బు కోసం చూస్తూనే ఉండిపోయాడు. ఈ ప్రాంతం పేరెత్తగానే అందరికీ మామిడి గుర్తొస్తుంది. కథ మొదలుపెట్టాల్సింది మాత్రం నీళ్ల దగ్గరే. ఎర్రనేలలో ఒకసారి వేళ్లూనుకున్నాక వానాకాలం మోసం చేసినా చావని చెట్టు మామిడి. దాన్ని పెంచడంలో రుచితో పాటు జాగ్రత్త కూడా ఉంది.

చెట్టు నిలిచినా కింది నేల నిలుస్తుందన్న ధీమా లేదు. ఈ చుట్టుపక్కలంతా నూజివీడు మేకా అప్పారావుల జమీ. వారసుల పంపకాల్లో అది ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు అంటూ ముక్కలైంది. దొర మారినా రైతు శిస్తు కట్టక తప్పలేదు. 1908 ఎస్టేట్ల భూమి చట్టం సాగుదారుకు కొంత పట్టు ఇచ్చింది. 1938లో టంగుటూరి ప్రకాశం అధ్యక్షతలోని కమిటీ ఇచ్చిన నివేదిక భూమి రైతుదేనని తేల్చింది. జమీలు రద్దు కావడానికి ఇంకో పదేళ్లు, 1948 చట్టం దాకా పట్టింది.

అడవి సంగతి మరో రకం. రైతింటికి అడవి అంటే వంటచెరకు, నాగలి కర్ర, ఎండాకాలంలో పశువుల మేత. సర్కారు అడవుల్లో ఆ మేతకు పన్ను కట్టాల్సి వచ్చేది, దాని పేరు పుల్లరి. నదికి అవతల పల్నాడులో దాన్ని కట్టబోమన్న కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు బలయ్యాడు. జమీ అడవుల్లో నరికినా నిలిపినా జమీందారు ఇష్టం. ఆ ఇష్టానికి అడ్డుకట్టగా మద్రాసు ప్రభుత్వం 1949లో ప్రైవేటు అడవుల సంరక్షణ చట్టం తెచ్చింది. సర్కారు కాపాడాలనుకున్నది చెట్టును. రైతు పశువు మేతెక్కడన్న ప్రశ్న ఆ కాగితాల్లో వెతికినా దొరకదు. 1992 నుంచి వచ్చిన వన సంరక్షణ సమితులు ఆ లోటును కొంత పూడ్చాయి.

1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలినప్పుడు మెట్టకు ఆశ పుట్టింది. అయితే ఎడమ కాలువకు ఈ ప్రాంతం తోక. తోక దగ్గర నీళ్లు ఎలా వస్తాయో ఏ ఆయకట్టు రైతునడిగినా చెబుతాడు. ఆ తర్వాత గోదావరిని పైకి ఎత్తి ఇటు పంపాలన్న చింతలపూడి ఎత్తిపోతల పథకం వచ్చింది. పర్యావరణ అనుమతులు సరిగా లేవంటూ 2021 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ దానితో పాటు పట్టిసీమ, పురుషోత్తపట్నం ఎత్తిపోతలకూ జరిమానా వేసింది. నీళ్లు అడిగిన రైతు నిబంధన తప్పినవాడు కాదు, అయినా వేచి ఉండాల్సింది అతనే.

కాలువ రాని చోట బోరు వచ్చింది, బోరుతో ఆయిల్‌పామ్ వచ్చింది. 1995లో ఏలూరు దగ్గర పెదవేగిలో దానికి జాతీయ పరిశోధన కేంద్రం పెట్టారు. నీళ్లు లేవని మామిడి నాటిన నేలలోనే ఇప్పుడు నీళ్లు దండిగా తాగే చెట్టు! రైతును తప్పుపట్టలేం. పామాయిల్ గెలలు ఏడాది పొడవునా డబ్బు తెస్తాయి. మామిడి ఒక్క వేసవిలోనే తెస్తుంది, అదీ పూత నిలిస్తేనే. తేనెమంచు పురుగు, తామర పురుగు, బూడిద తెగులు, ఒక్క ఈదురుగాలి: ఇన్నింటిని దాటినా నున్న మార్కెట్లో ధర చెప్పేది రైతు కాదు. అందుకే చాలామంది పూత మీదే తోటను గుత్తకు ఇచ్చేస్తారు. పండేదాకా పడే బెంగను వ్యాపారికి అమ్ముకోవడమది.

రకాల మీదా ఇదే ఒత్తిడి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి దూర ప్రయాణం తట్టుకుంటుంది. ఈ వైపు కలెక్టరు అని పిలిచే తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. చిన్నరసం మాత్రం లారీ కుదుపులకు నలిగిపోతుంది. నూజివీడుకు పేరు తెచ్చిన పండు అదే. దాన్ని పిసికి రసం జుర్రుకోవడానికి వేసవిలో మనవలు వస్తారు, వాళ్ల కోసం ఇంటి దగ్గర రెండు చెట్లు ఉంచుకుని, తక్కిన తోటను రైతు బంగినపల్లికి వదిలేస్తున్నాడు.