కొండచిలువ యుపవాసము

అమరకోశమును వల్లించినవారికి సర్పమునకుగల పేళ్లలో పవనాశన మనునది కొత్త కాదు. పవనము, అనగా గాలి, అశనముగా గలదని దాని యర్థము. తెలుగువారును పామును గాలిమేపరి యనిరి. ఆ కోశమునందే కొండచిలువకు అజగరము, శయువు, వాహసము అని మూడు పేళ్లు కలవు. అజమును, అనగా మేకను, మ్రింగునది అజగరము. ఎల్లవేళల శయనించి యుండునది శయువు. శ్రోతలు గమనింపవలెను. ఒక పేరు పాము గాలి మేసి బ్రతుకు ననుచున్నది. ఒక పేరు మేకను మేకగానే మ్రింగు ననుచున్నది. మరియొక పేరు కదలక మెదలక పండుకొని యుండు ననుచున్నది. వీనిలో ఏది నిజము? కొండచిలువ విషయమున మూడును నిజమే. మేకను మ్రింగగలిగినది కావుననే నెలల కొలది పండుకొని గాలి మేయగలదు. మన పూర్వులు ఈ సంగతిని చూచి యెరిగిరి. ఎరిగి పేరు పెట్టిరి. తరువాతివారమైన మనము పేరు మాత్రము నిలుపుకొని సంగతిని మరచితిమి.

ఈ విచారణ నేడేల యన్నచో, హైదరాబాదు తూర్పుదిక్కున దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ ప్రాంతముల మేడలలో ఇప్పుడు కుక్కలు, చిలుకలు మాత్రమే గాక ఆఫ్రికా కొండచిలువలును పెంపుడు జంతువులై యున్నవి. అవి తినుట లేదని పెంచువారు పడు బెంగ నేను కన్నులార చూచితిని. ఆ బెంగ వలన పాముకు కలుగు హాని, ఆకలి వలన కలుగు హాని కంటె తరచు పెద్దది.

ముందు పురాణముల మాట. భారతము అరణ్యపర్వమున నహుషుడు అగస్త్య శాపమున అజగరమై యడవిలో పడియుండి, అటు వచ్చిన భీముని చుట్టుకొనెను. పదివేల యేనుగుల బలము గలవాడని పేరొందిన భీముడు కదలలేకపోయెను. ధర్మరాజు వచ్చి ప్రశ్నలకు బదులు చెప్పి తమ్ముని విడిపించెను. కథ యటుండనిండు. ఆ సర్పము వేటకై పరుగెత్తలేదు. ఆహారము తన కడకు నడచి వచ్చువరకు పడియుండెను. భాగవతము సప్తమస్కంధమున ప్రహ్లాదుడు కావేరీతీరమున నేలపై పండుకొనియున్న మునిని చూచి, ఏ యుద్యోగమును లేక నీ దేహ మిట్లు పుష్టిగా నెట్లున్నదని యడిగెను. తాను అజగరవృత్తి నవలంబించితినని యాతడు చెప్పెను. దొరికిన నాడు భుజించుట, దొరకని నాడు పెక్కు దినములైనను నిశ్చలముగా నుండుట అజగరవృత్తి. ఏకాదశస్కంధమున అవధూత చెప్పిన యిరువదినలుగురు గురువులలోను కొండచిలువ యొకటి. వేదాంతులు దీనిని వైరాగ్యమునకు దృష్టాంతముగా గైకొనిరి. నాకు మాత్రము ఇందు మరియొక విశేషము కానవచ్చుచున్నది. కొండచిలువ యుపవాసము వ్యాధి కాదు, అలుక కాదు, దాని వృత్తియే యని గుర్తించిన కన్ను ఎంత శ్రద్ధగా చూచిన కన్నో గదా!

ఇక చరిత్రకు వత్తము. పాములను గూర్చి నవీనపద్ధతిలో మొదట వ్రాయబడిన గొప్ప గ్రంథములలో నొకటి మన తెలుగునేలమీద పుట్టినది. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు 1785లో ఈస్టిండియా కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమితుడై, విశాఖపట్టణ ప్రాంతమున పాములను సేకరింప మొదలిడెను. 1789లో స్వదేశమునకు మరలి, 1796లో లండనునందు కోరమండల తీరపు సర్పములనుగూర్చి బొమ్మలతో గూడిన పెద్ద గ్రంథమును వెలువరించెను. ఆయన చేసిన యుత్తమకార్య మేమనగా, ఇక్కడి జనులు పాముకు ఏ పేరు చెప్పిరో ఆ పేరునే ఇంగ్లీషు లిపిలో నెక్కించెను. రక్తపింజర ఆ గ్రంథమున కాటుకరేకుల పొడ. బంగారు పాము అను తెలుగు మాట నుండియే కట్లపాముల జాతికి బంగారస్ అను శాస్త్రనామము వచ్చినది. నేడు ప్రపంచమున ఏ మూల నున్న శాస్త్రజ్ఞుడైనను ఆ పామును పిలువవలెనన్న తెలుగు మాట పలుకక తప్పదు. కొండచిలువను రస్సెల్ పెద్దపొడ యని వ్రాసెను. పొడ యనగా మచ్చ. పెద్ద పెద్ద మచ్చలు గలది పెద్దపొడ. ఇంత చక్కని పేరును మనము వాడుకలో నుండి జారవిడిచితిమి.

పల్లెవాసులు చెప్పిన మాటను పండితులు త్రోసివేయుట మన దేశమందే కాదు, అన్యదేశములందును కలదు. ఆడ కొండచిలువ గ్రుడ్లను చుట్టుకొని కోడివలె పొదుగుననియు, అప్పుడు దాని దేహము వేడెక్కుననియు మన దేశమున విని వెళ్లిన లమార్ పికో అను ఫ్రెంచి యాత్రికుడు పారిస్ విద్వత్పరిషత్తులో చెప్పగా వారు నమ్మలేదు. పాము శీతలరక్తము గలది గదా, దానికి వేడి యెక్కడిదని వారి తర్కము. 1841లో ఆ నగరపు జంతుశాలలోనే యొక కొండచిలువ గ్రుడ్లు పెట్టి ఇంచుమించు రెండు నెలలు చుట్టుకొని యుండెను. వలెన్సియెన్ అను శాస్త్రజ్ఞుడు ఉష్ణమాపకము నుంచి చూడగా చుట్టునున్న గాలికంటె పాము చుట్టలలో వేడి హెచ్చుగా నుండెను. తల్లి పాము కండరములను వణకించుచు వేడిని పుట్టించునని 1966లో అమెరికావారు మరల పరీక్షించి స్థిరపరచిరి. పొదుగు దినములలో తల్లికి ఆహారాపేక్ష యుండదు. ఆ యుపవాసము సంతానార్థమైనది.

ఉపవాసమున దాని దేహములో జరుగునది మరింత వింత. ఆహారము లేని దినములలో కొండచిలువ తన ప్రేగులను చిన్నవి చేసికొని, జీర్ణాగ్నిని తగ్గించి, దుకాణము మూసిన వర్తకునివలె ఖర్చు లేక కూర్చుండును. ఆహారము పడిన వెంటనే ప్రేగులు రెట్టింపు బరువు నొందును. బర్మా కొండచిలువ గుండె తిన్న తరువాత 48 గంటలలో నూటికి 40 వంతులు పెరుగునని 2005లో కనుగొనబడినది. మనము రెండు పూటలు తిను జంతువులము. మన లెక్కతో దానిని కొలువరాదు.

ఇప్పుడు మన నగరమునకు వచ్చిన యతిథి మాట. బాల్ పైథాన్ అని పిలువబడు ఈ పాము పశ్చిమ, మధ్య ఆఫ్రికాల గడ్డిభూములది. భయపడినపుడు తల లోపల దాచుకొని బంతివలె చుట్టుకొనును గనుక ఆ పేరు. 1802లో షా అను శాస్త్రజ్ఞుడు దీనికి రాజసూచకమగు నామము పెట్టెను. మన కొండచిలువ ముందు ఇది మరుగుజ్జు. మూడు నాలుగు అడుగులు, మహా యైన ఐదడుగులు. పగలు ఎలుకబొరియలలోను, చెదపుట్టలలోను నుండి రాత్రి వెడలును. పుట్టలో పాము అను సామెత అక్కడను చెల్లును. బెనిన్ దేశమున వీదా పట్టణమందు ఈ పాములకు గుడి కలదు. వానిని చంపరు; ఇంటికి వచ్చినను మర్యాదతో గుడికి చేర్తురు. అక్కడ నొక పంది పామును తిన్నందుకు రాజు ఆ దేశపు పందులనెల్ల చంప నాజ్ఞాపించెనని బోస్మన్ అను డచ్చి వర్తకుడు 1704లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. జనమేజయుని సర్పయాగము నకు ఇది తలక్రిందుల కథ!

నా యొద్ద చదువుకొని, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురమున్న యువకుడొకడు పుష్యమాసమున నా కడకు వచ్చి, "సారూ, పాము నా మీద అలిగినది. ఏడు వారములైనది, ఎలుకను ముట్టుట లేదు. రేపు నోరు తెరచి లోనికి త్రోయవలె ననుకొనుచున్నాను" అనెను. దాని బరువెంత తగ్గినదని యడిగితిని. వంటింటి త్రాసులో తూచి వ్రాసి పెట్టుచున్నాడు, బుద్ధిమంతుడు. వేయి గ్రాములలో ఇరువది గ్రాములు తగ్గినది. దానికింత భయమేల? పదింట నొకవంతు తగ్గినను, నోటిలో నురుగు వచ్చినను, శ్వాసలో శబ్దము కలిగినను పశువైద్యుని యొద్దకు పోవలెను. అంతవరకు చూడవలసినది పాము నోరు కాదు, పెట్టెలోని వేడి. పుష్యమాసపు రాత్రులు మనకే వణకు పుట్టించును. ఆ పాముకు ఒక మూల ముప్పదియొకటి, ముప్పదిరెండు డిగ్రీల సెంటీగ్రేడు వేడియు, మరియొక మూల కొంత చల్లదనమును కావలెను. వేడి లేనిచో తిన్నది అరుగదు. అరుగనిది కడుపులో కుళ్లును. తినకుండుటయే అప్పుడు దాని తెలివి. నోరు తెరచి త్రోసినచో దవడలు గాయపడును, భయము బలియును, మరునాడు తినదలచినదియు తినదు.

వాడు మరియొక పని చేయుచుండెను. ప్రతిదినమును పామును చేతబట్టి బంధువులకు చూపుచుండెను. దాగుటకు చీకటి గూడు లేక అద్దపు పెట్టెలో నలుగురి కన్నుల యెదుట నున్న ప్రాణికి అన్నము రుచించునా? పెండ్లిచూపుల నాడు పిల్ల తిన్నదా? మట్టికుండను బోర్లించి మూతి యొక ప్రక్క పగులగొట్టి గూడు చేయుమంటిని. వారమునకు పైగా ముట్టవద్దంటిని. బ్రతికిన ఎలుకను పెట్టెలో వదలి నిద్రపోవద్దంటిని. ఆకలిగొన్న ఎలుక పామును కొరికిన సందర్భములు కలవు. చంపి మంచులో నిలువయుంచిన ఎలుకను కరగించి, వేడినీట నుంచి, దేహపు వేడి వచ్చిన పిమ్మట దీపము లార్పి పెదవుల యెదుట పట్టుకొనవలెను. ఆ పాముకు పెదవులమీద వేడి నెరుగు గుంటలు కలవు; చల్లని మాంసము దానికి ఆహారమని తోచదు. అవన్నియు చేసినను అది వెంటనే తినలేదు. ఫాల్గుణమున ఎండలు ముదిరిన పిమ్మట ఒకనాటి రాత్రి తినెను.

ఈ యువకుని యాతురతయు, మన వీథులలో శ్రావణమాసమున కానవచ్చు ఆతురతయు ఒక్కటియే. కోస్తాజిల్లాలవారు కార్తికశుద్ధ చవితినాడు పుట్టలో పాలు పోయుదురు. తెలంగాణమున శ్రావణశుద్ధ పంచమి ప్రసిద్ధము. పుట్టకు మ్రొక్కుట వేరు, పాము నోట పాలు పోయుట వేరు. పాము క్షీరము త్రాగు ప్రాణి కాదు. పాలు జీర్ణించుకొను శక్తి దానికి లేదు. నాగులపంచమికి ముందు త్రాచులను పట్టి, కోరలు పీకి, కొన్నిటికి నోరు కుట్టి, నీరైన నీయక దినముల తరబడి బుట్టలో నుంచెదరు. నాలుక యెండిన ఆ పాము ఎదుట పెట్టిన ద్రవము నేదైనను త్రాగును. చూచినవారు భక్తితో చేతులు జోడింతురు. ఊపిరితిత్తులలోనికి పాలు పోయి అది కొలది దినములలో చచ్చును. పవనాశనమను పేరు పెట్టిన పూర్వులు పాముకు ఏమియు పెట్టవలదని చెప్పినట్లే గదా. ఆ మాట వినినను ఈ పాపము తప్పియుండును.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము వచ్చిన తరువాత పాములను పట్టి ఆడించుట నేరమైనది. మన దేశపు కొండచిలువ, పెద్దపొడ, ఆ చట్టపు మొదటి యనుబంధమున నున్నది; దానిని ఇంట నుంచుకొనుటకు ఎవ్వరికిని హక్కు లేదు. ఆఫ్రికా కొండచిలువ వంటి విదేశప్రాణులను పెంచువారు 2022 నాటి సవరణ ననుసరించియు, 2024 నాటి నియమముల ననుసరించియు ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలెను. విసుగు పుట్టినదని సరూర్‌నగర్ చెరువు గట్టున విడిచివచ్చుట అన్నిటికంటె చెడ్డపని. అది శీతకాలము దాటలేక చచ్చును, లేక ఇక్కడి పాములకు క్రొత్త తెగుళ్లు తెచ్చును.

ఇంటిలోనికి పాము వచ్చినచో కఱ్ఱ తీయ నక్కరలేదు. 1995లో హైదరాబాదున నేర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవారు, అటవీశాఖవారు వచ్చి పట్టుకొనిపోయి యడవిలో విడుతురు. ఎల్బీనగర్ దాటగానే వనస్థలిపురము చెంత నిజాముల నాటి వేటభూమి 1975లో మహావీర హరిణవనస్థలి యను సంరక్షణస్థలమై, 1994లో జాతీయోద్యానమైనది. కృష్ణజింకలకై కాపాడబడిన ఆ పొదలలో త్రాచులు, జెఱ్ఱిపోతులు, రస్సెల్ వ్రాసిన కాటుకరేకుల పొడలు నున్నవి. వానికి ఎవ్వరును భోజనము పెట్టుట లేదు. దొరికిన నాడు తినుచున్నవి, దొరకని నాడు పుట్టలలో పండుకొని యున్నవి.