మోటారుకారు రంగు: దాని చరిత్ర, సంరక్షణ

మా మనుమడు ఒక పాతకారును కొని తెచ్చెను. చూచినవారెల్లరు అద్దమువలె నున్నదని మెచ్చుకొనిరి. ఒక వర్షకాలము గడవకమునుపే తలుపు అడుగున రంగు బొబ్బలుగా లేచినది. గోటితో గీకగా పెళ్ల యూడి తుప్పు బయటపడినది. రేకు జల్లెడయై యుండెను. అమ్మినవాడు తుప్పు తీయింపకయే లప్పము మెత్తించి, పైని రంగు వేయించెనని తేలినది. అప్పటినుండి ఈ రంగుల చరిత్ర తెలిసికొనవలెనని నాకు కోరిక కలిగెను. తెలిసికొన్నకొలదిని, రంగు అలంకారము మాత్రమే గాదు, కవచమని బోధపడినది.

గుఱ్ఱపుబండ్ల కాలమున కొయ్యపై నూనెరంగును, వార్నీషును పూతమీద పూతగా వేసెడివారు. ఒకటి యారినగాని మరియొకటి వేయరాదు. ఇట్లొక బండికి వారములు పట్టెడిది. తొలినాటి మోటారుకార్లకును ఇదే పద్ధతి. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908లో ‘మోడల్ టీ’ కారును వెలువరించెను. 1913లో కదలెడి వరుసపై కార్లను కూర్చు విధానమును నెలకొల్పెను. 1914 మొదలు 1925 వఱకు ఆ కారు నల్లరంగుననే లభించెను. నలుపు చౌక, మన్నిక గలది. ఆ 1914లోనే డాడ్జి సోదరుల కార్లకు పూర్తిగా ఉక్కురేకుతో చేసిన మేను వచ్చెను. కొయ్యకు చెద యెట్లో, ఉక్కుకు తుప్పు అట్లు.

పిమ్మట మన రైతులెఱిగిన పత్తియే ఈ పరిశ్రమ నాదుకొన్నది. పత్తిని నత్రికామ్లముతో సంస్కరించినచో తుపాకిమందునకు పనికివచ్చు పదార్థమగును. అట్టిదానినే తగురీతిగ మార్చి, ద్రవమున కరగించి, డూపాంటు సంస్థవారు ‘డూకో’ యను రంగును చేసిరి. 1924 సంవత్సరపు ఓక్‌లండు కార్లు దానితో నీలవర్ణము దాల్చినవి. వారముల పని గంటలకు దిగినది. దెబ్బతిన్నచోట మరల పూయుటయు సులభమైనది.

నేటి కార్లకు సాధారణముగ నాలుగు పొరలుండును. మేనును రంగుతొట్టిలో ముంచి విద్యుత్తును ప్రసరింపజేయగా సందుగొందులకును అంటుకొను తొలిపూత, దానిపై నునుపుపూత, ఆపై వర్ణము, అన్నిటికి మీద రంగులేని మెరుగుపూత. ఇవన్నియు కలిసి మిల్లీమీటరులో పదవవంతునకు అటునిటుగా నుండును. కవచ మింత పలుచనిది!

ఢిల్లీలోని ఇనుపస్తంభము సుమారు 1,600 ఏండ్లుగా నిలిచియుండగా, కారురేకేల నిలువదని మీరడుగవచ్చును. ఆ యినుమునందలి భాస్వరము మూలమున దాని తొలితుప్పే రక్షణపొరగా కుదురుకొన్నది. కారుతుప్పు అట్టిది గాదు. పొరలుగా ఊడుచు, తేమను నిలుపుకొని, లోనికి తొలుచుకొని పోవును.

కావున గీటుపడిన వెంటనే దానిపై గోరు నడిపి చూడుడు. గోరు తగులకున్నచో మెరుగుమందుతో రుద్దిన సాధారణముగ చాలును. లోహము కనబడెనా, ఆలస్యము కూడదు. కడిగి, ఆరబెట్టి, ఉప్పుకాగితముతో తుప్పు సమూలముగ పోవువఱకు రుద్దవలెను. పాతరంగు అంచును మెట్టుగా విడువక వాలుగా పలుచన చేయవలెను. పిమ్మట ఇనుమునకు తగిన తొలిపూత వేయవలెను. పూర్వ మినుమునకు సిందూరమును పూసెడివారు. అది సీసముతో కూడిన విషము గావున దానిని వాడకుడు. తరువాత వర్ణమును పలుచని పూతలుగ వేసి, తుదకు మెరుగుపూత వేయవలెను. ముసురు దినమున, దుమ్ములో ఈ పని తగదు. దుమ్ముపట్టిన కారును పొడిగుడ్డతో తుడిచినను గీట్లు పడును. ముందు నీరు పోయుడు. పక్షిరెట్టను ఎండనీయక కడిగివేయుడు.

పాతకారు కొనువారు గుడ్డచుట్టిన చిన్న అయస్కాంతమును తలుపుల అడుగునను, చక్రములపై వంపులందును ఆనించి చూడుడు. ఉక్కురేకుపై ఒకచోట పట్టు సడలినచో అక్కడ లప్పము దట్టముగ నున్నదని సందేహింపవలెను. మేమది చేయలేదు. మా తలుపునకు క్రొత్తరేకు అతికింపవలసివచ్చెను. ఇప్పుడు మా మనుమడు కారు కడిగినప్పుడెల్ల, మెరుపును గాక, గీట్లను వెదకుచున్నాడు.