ఫిట్స్ ఉన్నవారి పింఛను: క్యాంపు రోజున కనపడని వైకల్యం

సదరం క్యాంపులో డాక్టరు ముందు కూర్చున్న పది నిమిషాల్లో సాధారణంగా ఫిట్ రాదు. మనిషి నడిచి వస్తాడు, అడిగినదానికి జవాబు చెబుతాడు, నడిచి వెళ్తాడు. కాగితం మీదికి ఎక్కేది అంతే. వారానికి రెండుసార్లు పొయ్యి దగ్గరో బావి గట్టు మీదో నాట్ల మధ్యలోనో స్పృహ తప్పి పడిపోయే బతుకు ఆ కాగితంలో ఉండదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మూర్ఛవ్యాధి పేరు అందులో విడిగా లేదు. అందుకే ఫిట్స్ ఉన్నవారికి సర్టిఫికెట్ వస్తే చాలాసార్లు పక్కదారిలోనే వస్తుంది. బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ, పక్షవాతం, మానసిక అనారోగ్యం, ఏది తోడుంటే దాని పేరుతో. తోడు ఏమీ లేని మనిషి, ఫిట్స్ ఎంత తీవ్రంగా ఉన్నా, బయటే ఉండిపోతాడు. అయితే చట్టం షెడ్యూలులో దీర్ఘకాలిక నాడీ సంబంధ జబ్బుల గురించి చెప్పేచోట మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ 'వంటివి' అని ఉంది. ఆ ఒక్క మాట మనకు పనికొస్తుంది. కొత్త రకాలను నోటిఫై చేసే అధికారం కూడా కేంద్రానికి ఉంది. దివ్యాంగులు అని పేరు మార్చడానికి చూపిన చొరవ ఇక్కడ చూపలేదు.

ఇక డబ్బు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగ పింఛను 6,000 రూపాయలు. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత బాధితుల వంటివారికి 15,000. వృద్ధాప్య, వితంతు పింఛన్లు 4,000. తెలంగాణలో వికలాంగులకు 2023 నుంచి 4,016 ఇస్తున్నారు. కేంద్రం వాటా కింద ఇచ్చే వికలాంగ పింఛను 300 మాత్రమే, అదీ 80 శాతం వైకల్యం ఉండి దారిద్య్రరేఖకు దిగువన ఉంటేనే. 2025లో ఆంధ్రలో సర్టిఫికెట్లను మళ్లీ పరీక్షించారు. 40 శాతం కంటే తక్కువ అని తేలినవారికి నోటీసులు వచ్చాయి. వయసు, వితంతు అర్హత ఉన్నవారిని ఆ పింఛన్లలోకి మార్చే పద్ధతి పెట్టారు. పక్షవాతం తర్వాత ఫిట్స్ మొదలైన మనిషిని తీసుకోండి. కాలూ చెయ్యీ కొంత కుదుటపడితే శాతం తగ్గుతుంది, 15,000 కాస్తా 6,000 అవుతుంది, లేదా 4,000. ఫిట్స్ మాత్రం తగ్గవు. ఒంటరిగా వదలలేక కూలి మానేసి ఇంట్లో కూర్చునే భార్యకో కూతురికో ఆ లెక్కలో చోటే లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.21 శాతం, షెడ్యూల్డ్ కులాల్లో 2.45 శాతం. ఈ కోత ముందు ఎవరి వాడల్లో పడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇదే సమస్య బ్రిటన్‌లోనూ వచ్చింది. అక్కడ 2013 నుంచి పనిచేసే వయసువారిని డిసెబిలిటీ లివింగ్ అలవెన్స్ నుంచి పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్‌కు మార్చారు. వంట, స్నానం వంటి పనులు 'సురక్షితంగా' చేసుకోగలరా అన్నది కొత్త పద్ధతిలో ఒక ప్రశ్న. ప్రభుత్వ శాఖ దీనికి చెప్పుకున్న అర్థం ఏమిటంటే, ఎక్కువసార్లు ప్రమాదం జరిగితేనే అది సురక్షితం కాదని. అలా చూస్తే నెలకు నాలుగు ఫిట్స్ వచ్చే మనిషికి మిగతా రోజులన్నీ బాగున్నట్టే. మూర్ఛ ఉన్నవారి అప్పీళ్లు కూడా ఉన్న కేసులో 2017 మార్చిలో అప్పర్ ట్రిబ్యునల్ ఈ అర్థాన్ని తోసిపుచ్చింది. ప్రమాదం ఎన్నిసార్లు జరుగుతుందన్నది ఒక్కటే చూస్తే చాలదు, జరిగితే ఎంత ఘోరంగా ఉంటుందో కూడా చూడాలంది. ఎప్పుడొస్తుందో తెలియని ఫిట్ వల్ల ప్రతిరోజూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సి వస్తే, ఆ అవసరం ప్రతిరోజూ ఉన్నట్టే. అదే ఏడాది నవంబరులో ఆ శాఖ తన మార్గదర్శకాలు మార్చుకుంది. మన దగ్గర శాతం అడుగుతారు గానీ ఈ ప్రశ్న అడగరు. మనమే అడగాలి.

అడగాలంటే రుజువులు కావాలి. సరైన మందులు రెండు, తగిన మోతాదులో వాడినా ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. మూర్ఛ ఉన్నవారిలో సుమారు మూడోవంతు మందిది ఈ పరిస్థితే. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్నాళ్లు వాడారో న్యూరాలజిస్టుతో రాయించుకోవాలి. ఫిట్ వచ్చిన తేదీ, ఎంతసేపు ఉంది, ఎక్కడ పడ్డారు, తేరుకోవడానికి ఎంత పట్టింది అన్నవి ఒక నోటుబుక్కులో రాయాలి. చదువు రాని ఇంట్లో అయితే క్యాలెండరు మీద గుర్తు పెట్టినా చాలు. ఫోన్‌లో వీడియో, కాలిన గాయాల ఫొటోలు, కుట్లు వేసిన చీటీలు దాచాలి. కూలికి వెళ్లలేని రోజుల గురించి మేస్త్రి చేతో ఆశా కార్యకర్త చేతో రాయించుకున్నా పనికొస్తుంది. శాతం మీద అభ్యంతరం ఉంటే 2016 చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు హక్కు ఉంది. నోటీసు వస్తే ఎంపీడీవోకో మున్సిపల్ కమిషనర్‌కో అప్పీలు ఇచ్చి రసీదు తప్పక తీసుకోవాలి.

పంది మాంసం తింటారు కాబట్టే మీకు ఫిట్స్ అని ముఖం మీదే అనేవాళ్లుంటారు. మెదడులో బద్దెపురుగు తిత్తుల వల్ల ఫిట్స్ వచ్చే మాట నిజమే. కానీ ఆ తిత్తులు ఏర్పడేది మనిషి మలంలోని పురుగు గుడ్లు నీళ్ల ద్వారా, కూరల ద్వారా నోట్లోకి వెళ్లడం వల్ల. మాంసం ముట్టనివారికీ వస్తాయి. అది మరుగుదొడ్ల, మంచినీళ్ల సమస్య.

ఇంకొకటి. ఊరి ఆస్పత్రిలో మందు అయిపోయి, కొనే డబ్బు లేక నాలుగు రోజులు ఆగితే ఫిట్ వస్తుంది. కేసు షీటులో 'మందులు సరిగా వాడలేదు' అని పడుతుంది, శాతం నిర్ణయించేవారు అదే చదువుతారు. కాబట్టి మందు లేదని తిప్పి పంపిన రోజున, మందు లేదనే సంగతి తేదీతో సహా ఓపీ చీటీ మీద రాయించుకునే బయటికి రావాలి.