మూసీ వదిలిన నేల

హైదరాబాదులోని మహాత్మాగాంధీ బస్సు స్టేషనును పాతవాళ్ళు ఇప్పటికీ ఇమ్లీబన్ అనే పిలుస్తారు. ఉర్దూలో ఇమ్లీ అంటే చింత, బన్ అంటే వనం. చింతవనమని పేరు మోస్తున్న ఆ చోటు నిజానికి మూసీనది నడుమనున్న ఒక లంక. ప్రయాణపు హడావిడిలో ఎందరికి ఆ సంగతి స్ఫురిస్తుందో గాని, నాకు మాత్రం అక్కడ దిగినప్పుడల్లా ఒకటే సందేహం: నది కడుపులో బస్సు స్టేషను కట్టగల ధైర్యం ఈ నగరానికి ఎక్కడినుంచి వచ్చింది?

జవాబు కోసం 1908కి వెళ్ళాలి. ఆ యేడు సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచింది. మృతులు పదిహేను వేలని తరచుగా చెప్పే అంచనా. నది మీది కొత్త వంతెనలు దెబ్బతిన్నాయి. నగరం పుట్టకముందే, 1578లో, కుతుబ్‌షాహీలు కట్టించిన పురానాపూల్ మాత్రం నిలబడింది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఆ చెట్టు దగ్గర యేటా ఆ రోజున కొందరు చేరి మృతులను స్మరించుకోవడం ఆనవాయితీ అయింది.

ఆ మరుసటి యేడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన తేల్చిన లెక్క ఒకటి నన్ను ఎప్పుడూ వెంటాడుతుంది. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే, ఆ వానకు వాటిలో 221 తెగిపోయాయి. అంటే నగరాన్ని ముంచినది ఒక్క ఆకాశం కాదు. పైచెరువు తెగి కిందిచెరువు మీద పడగా, ఆ బరువుకు అదీ తెగగా, గొలుసుకట్టు మొత్తంగా ఊడి వచ్చి పడిందన్నమాట.

అందుకు విరుగుడుగా పుట్టినవే జంట జలాశయాలు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వీటి మొదటి పని వరదను ఆపడం. అందుకు కొంత ఖాళీ ఉంచుకోవాలి. తాగునీరివ్వడం రెండవ పని. దానికి నిండుగా ఉండాలి. గండిపేట నీళ్ళు తాగినవాడు ఊరు విడిచిపోడని జనం చెప్పుకునేంతగా రెండవ పనే మనకు గుర్తుండిపోయింది.

ఇక 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు పేటలను తొలగించి, రోడ్లు వేసి, మల్లేపల్లి వంటి చోట్ల ఇళ్ళు కట్టించింది. ఏటిగట్ల మీద హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. గట్ల వెంట ఉద్యానాలు పెంచాలని విశ్వేశ్వరయ్య కూడా సూచించాడు. నా దృష్టిలో అది కేవలం అందం కోసం చెప్పిన మాట కాదు. ఉద్యానం మునిగితే పూలమొక్కలు పోతాయి, మనుషులు పోరు.

అయితే ఆనకట్టలు ఎంత బాగా పనిచేశాయంటే, దిగువన మూసీలో మురుగు తప్ప నీరే కరవైంది. ఏళ్ళ తరబడి ఎండిన ఇసుక చూసిన కళ్ళకు అది నదిలా కాక ఖాళీ జాగాలా కనిపించింది. చాదర్‌ఘాట్ దిగువన మూసానగర్, శంకర్‌నగర్ వెలిశాయి. ఫ్రెంచి సైనికాధికారి ముస్యే రేమాఁ పేరు నోళ్ళలో నలిగి ఏర్పడిన మూసారాంబాగ్ దగ్గర నీటికి చేయందే ఎత్తున వంతెన వేశారు. 1990లలో లంక మీద బస్సు స్టేషను కట్టారు. ఆ దశాబ్దం చివర్లో నదిగర్భాన్నే తోటగా మార్చే పథకానికి 'నందనవనం' అని పేరు పెట్టారు. పేరు పెట్టినవారి సాహిత్యాభిరుచిని శంకించను గాని, ఏటి నడుమ నందనవనమంటే దేవేంద్రుడైనా జంకేవాడు.

2024లో ప్రక్షాళన పేరిట నదిగర్భంలోని ఇళ్ళకు గుర్తులు వేసి, మూసానగర్, శంకర్‌నగర్ వాసులలో కొందరిని రెండు పడకగదుల ప్రభుత్వ గృహాలకు తరలించి, వారి ఇళ్ళు కూల్చారు. నదికి చోటు విడవాలన్న మాటను నేను కాదనలేను. కాని రేకుల ఇంటికి ఆక్రమణ అని పేరయితే, అదే నదిలో ప్రభుత్వమే కట్టిన బస్సు స్టేషనుకు ఏ పేరు పెట్టాలి? అక్కడ కూలికి దగ్గరని గుడిసె వేసుకున్నవాడికీ, ప్రయాణికులకు దగ్గరని స్టేషను కట్టిన ఇంజనీరుకూ ఆ నేల ఖాళీగా కనిపించిన కారణం ఒక్కటే కదా.

2025 సెప్టెంబరు 26 రాత్రి, భారీ వర్షాలకు నిండిన జంట జలాశయాల గేట్లెత్తారు. ఆ నీరు ఇమ్లీబన్ ప్రాంగణంలోకి చొరబడింది. దసరాకు ఊళ్ళకు బయలుదేరినవారిని తాళ్ళ సాయంతో బయటికి తెచ్చారు. మరునాడు బస్సులు నగరంలోని ఇతర చోట్ల నుంచి బయలుదేరాయి.