పదో నాడి కోసం నిజాం పంపిన వెయ్యి పౌన్లు

1890 డిసెంబర్ 4న పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. ఏటా ఆ తేదీ దగ్గరపడితే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కథలు చెప్పుకుంటాం. పాముకాటుకు ఆయన పేరు తలిస్తే చాలన్న నమ్మకం, పురానీ హవేలీలోని బట్టల అల్మరా, ఇంకా ఎన్నో. ఊరి పేరు మారడానికి ఏడాది ముందు ఆయన సొమ్ముతో హైదరాబాద్‌లో జరిగిన పరీక్షల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. మెదడు నుంచి బయల్దేరే పన్నెండు జతల కపాల నాడుల్లో పదోదైన వేగస్‌కు ఆ పరీక్షల్లో పెద్ద పాత్రే ఉంది.

ఈ నాడుల సంగతి మనిషికి మొదట దెబ్బల వల్లే తెలిసింది. చెవి వెనుక విధుర అనే మర్మస్థానానికి దెబ్బ తగిలితే చెవుడు వస్తుందని, ముక్కు దగ్గరి ఫణ మర్మం చెడితే వాసన తెలియదని, మెడలోని నీల, మన్యలకు గాయమైతే మాటా రుచీ పోతాయని సుశ్రుత సంహిత చెప్పింది. రెండో శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుడు, అరుస్తున్న పంది మెడలో సన్నని నరం కోస్తే అరుపు ఆగిపోయింది. అది వేగస్ కొమ్మే. ఆయన ఏడు జతలు లెక్కపెడితే, 1664లో విల్లిస్ తొమ్మిదన్నాడు, 1778లో సోమెరింగ్ పన్నెండుగా తేల్చాడు. 1845లో వెబర్ సోదరులు వేగస్‌కు విద్యుత్తు తగిలిస్తే గుండె ఆగడం చూశారు.

రెండేళ్లకు మత్తుమందుగా క్లోరోఫాం వాడుకలోకి వచ్చింది. మూడు నెలలు తిరగకముందే, 1848 జనవరిలో, ఇంగ్లండ్‌లో కాలిగోరు తీయించుకోబోయిన పదిహేనేళ్ల హన్నా గ్రీనర్ ఆ మత్తులోనే చనిపోయింది. ఎందుకు? గుండె ఆగి అన్నారు లండన్ వైద్యులు. మత్తిచ్చేవాడు చెయ్యి పట్టుకుని గుండె కొట్టుకోవడం గమనించాలన్నారు. ఊపిరి ఆగి అన్నారు ఎడిన్‌బరో వాళ్లు. రొమ్ము మీదనే కళ్లుండాలన్నారు. ఎడిన్‌బరోలో చదివిన ఎడ్వర్డ్ లారీ 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాద్ వచ్చి, వైద్య పాఠశాల విద్యార్థులకు ఊపిరి పాఠమే నేర్పాడు.

1888లో ఆయన వేయించిన మొదటి క్లోరోఫాం కమిషన్ కుక్కల మీద చేసిన పరీక్షలను లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పటికి ఇరవై దాటిన నిజాం, మీకు నచ్చిన నిపుణుణ్నే పంపండంటూ వెయ్యి పౌన్లు ఇచ్చాడు. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు. క్లోరోఫాం గుండెను ఆపగలదని నమ్మినవాడు. 1889 చివరి నెలల్లో కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు కలిపి నాలుగు వందలకు పైగా మూగజీవాలు ఆ బల్లల మీదికెక్కాయి. ఆ లెక్క చదివితే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మసిపూసిన కాగితం మీద సూది రక్తపోటు గీతను గీసుకుంటూ పోయింది. మత్తులో ఉన్న జంతువు వేగస్‌ను రేపితే గుండె నెమ్మదించింది, గీత పడిపోయింది, మళ్లీ లేచింది. గుండె నెమ్మదిస్తే విషం ఒంట్లోకి పారదు కనుక ఈ నాడి చంపేది కాదు, కాపాడేదని కమిషన్ తేల్చింది. ప్రమాదం ఊపిరాడకపోవడంలో, మోతాదు మించడంలో ఉందన్నది. బ్రంటన్ మనసు మార్చుకుని లండన్‌కు తంతి కొట్టాడు.

లారీ పాఠాలు చెప్పిన వైద్య పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరయ్యారు. లారీ పేరు పక్కన ఆమె పేరూ రావాలి.

1893లో గాస్కెల్, షోర్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు కమిషన్ మాటను కొట్టేశారు. 1911లో, ఆరో నిజాం కన్నుమూసిన ఏడాదే, మత్తు తేలికగా ఉన్నప్పుడు కూడా గుండె గతితప్పి ఆగుతుందని గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపాడు. గుండె విషయంలో హైదరాబాద్ ఓడింది. రోగి ఊపిరి మీద కన్ను వేసి ఉంచాలన్న పాఠం మాత్రం ఓడలేదు. నా దృష్టిలో అది చిన్న గెలుపు కాదు.

ఆ తర్వాతి కథకు ఒక దారంటూ లేదు. లారీ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని 1908లో మూసీ వరద ముంచింది. హైదరాబాద్ దాటితే, నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్లు ఎముకల్ని వంచాయి. అలాంటి జబ్బులో పుర్రె ఎముక మందమై, వినికిడికి సంబంధించిన ఎనిమిదో నాడి దారి ఇరుకై, కొందరికి చెవుడు రావచ్చని వైద్యులు రాశారు. మహబూబ్‌నగర్‌కు ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో, నల్లగొండకు 2019లో వచ్చాయి. అయినా ముఖాన్ని కదిలించే ఏడో నాడి దెబ్బతిని మూతి వంకరపోతే, గాలి సోకిందని వాతలు పెట్టించేవాళ్లు ఇంకా ఉన్నారు.

వాళ్లకు ఒక్క మాట. మూతి వంకరపోతే అది మెదడు పోటు కూడా కావచ్చు, కాబట్టి గంట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోండి. ఏడో నాడి వాపే అని తేలితే మూడు రోజుల్లోపు మందు మొదలుపెట్టినవాళ్లు బాగా కోలుకుంటారు. రెప్ప పడని కన్ను ఎండిపోయి పుండు పడొచ్చు. పగలు చుక్కలు వేయండి, రాత్రి రెప్ప మూసి డాక్టర్ చెప్పినట్టు పట్టీ వేయండి.